కాళ్లవాతం

జార్వస్ హాథర్లీ పెద్ద ప్రభువుగారి రెండో కొడుకు. తండ్రి పోయాక బిరుదూ భూములూ అన్నకి వెళ్లాయి, తమ్ముడికి పార్లమెంటులో సీటు దక్కింది. ఆ సీటుకి ఓటర్లు పదకొండుమందే, అందరూ అన్న కౌలుదార్లే. పద్దెనిమిదేళ్లుగా మూడో వరస బల్ల చివర కాళ్లు చాపుకుని, టోపీ కళ్లమీదికి లాక్కుని, తొక్క తెగకుండా నారింజపండు ఒలుచుకోవడమే జార్వస్ రాజకీయం. సభలో ఒక్కనాడూ నోరు విప్పలేదు. బిల్లు కావాలన్నవాళ్లు లేచి బయటికి నడవాలి, వద్దన్నవాళ్లు కూర్చునే ఉండాలి. అన్న నడవమంటే నడిచేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు.

ఆ వసంతంలో, ఊరందరి పచ్చికబీడుకి కంచె వేసి అన్నకి కట్టబెట్టే బిల్లు వచ్చింది. చుట్టూ అందరూ లేచారు. జార్వస్ నారింజ ఒలుస్తూనే ఉన్నాడు.

"లేవవయ్యా, మీ అన్నగారి బిల్లే!" అన్నాడు పక్కాయన.

"మరి ఆ పదకొండుమంది కౌలుదార్ల ఆవులూ ఎక్కడ మేస్తాయండీ?" అన్నాడు జార్వస్, కదలకుండా.

బిల్లు ఎలాగూ నెగ్గింది. మర్నాడు అన్న పిలిపించాడు.

"కాళ్లవాతంతో లేవలేకపోయానని చెప్పరా. నీ సీటు నీకే ఉంటుంది."

జార్వస్ టోపీ పెట్టుకుని వెనుదిరిగాడు. గుమ్మం దగ్గర నౌకరు, "మేనా పిలవమంటారా దొరా?" అని అడిగాడు.

"వద్దు," అన్నాడు జార్వస్, లోపలున్న అన్నకి వినబడేలా. "నా కాళ్లు బాగానే ఉన్నాయి."