ఎనిమిదేళ్ల నిలవ

జనం విదేశీ వైన్ కంటే స్వదేశీ సరుకే ఎందుకు ఇష్టపడతారని ఎవరైనా చర్చ పెడితే నేను నోరు విప్పను. దేశభక్తి, సుంకం, రుచి అంటూ వాళ్లు చెప్పే కారణాలేవీ మా కళింగపట్నంలో పనిచెయ్యవు. కల్లు తాగే మావాళ్లు అడిగేది ఒక్కటే: ఏ చెట్టుది, ఎప్పుడు దించారు?

అరవైల చివర సంగతి. మా బావ మా నాన్న పడవ వదిలేసి సరుకుల ఓడలో పనికి వెళ్లిపోయాడు. వేటకి ఒక మనిషి తగ్గాడన్న కోపంతో నాన్న రెండేళ్లు అల్లుడితో మాట్లాడలేదు. బావ సెలవుకి వస్తే చాలు, నాన్న ఒడ్డుకి పోయేవాడు. మధ్యలో నలిగింది అక్క. నాకైతే ఇద్దరిమీదా ఒళ్లు మండేది.

మా దగ్గర తగువు తీరడానికి పెద్దమనుషులక్కర్లేదు, ఒకే కుండలో కల్లు ఇద్దరూ తాగితే చాలు. అది తెలిసీ మా బావ, మహా తెలివైనవాడు కదా, కల్లు బదులు ఫ్రాన్సు నుంచి ఎర్ర వైన్ సీసా పట్టుకొచ్చాడు. ఒడ్డున వలలు ఆరేస్తున్న నాన్న ముందు పెట్టాడు. బిరడా ఎంతకీ రాకపోతే మేకుతో లోపలికి తోశారు.

నాన్న సీసాని ఎండకి పట్టి, అల్లుడికేసి చూడకుండానే అడిగాడు.

"ఎప్పుడు దించినాదట ఇది?"

"ఎనిమిదేళ్లయినాది మావా," అన్నాడు బావ గర్వంగా.

చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. పొద్దున్న దించిన కల్లు సాయంత్రానికి పులిసిందని పారబోసే జనం వాళ్లు. నాన్న ఒక గుక్క తాగి, మొహం చిట్లించి ఇసకలో ఉమ్మేశాడు. తర్వాత తలెత్తి బావని చూశాడు. కోపం ఎటుపోయిందో గానీ, జాలిపడుతున్నాడు.

"నిన్నెవుడో మోసం సేసినాడ్రా అల్లుడా. ఓడలో మీకు పోసేది ఇదేనేటి?"

బావ మొహం కందిపోయింది. ఆ సీసా ఎంత గొప్పదో చెప్పబోయాడు. పక్కనే చేపలు ఆరబెడుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. బావ ఆమెని చూశాడు.

"అవును మావా. మోసపోనాను."

నాన్న అప్పుడే దించిన కల్లు తెప్పించి, ముందు తను తాగి, తాటాకు దొప్ప అల్లుడి చేతిలో పెట్టి, తనే కుండ వంచాడు. సముద్రాలు దాటి భద్రంగా తెచ్చుకున్న పరువంతా అందులో కలుపుకుని బావ ఒక్క గుక్కలో తాగేశాడు. అక్క చేపల మధ్యనే చతికిలబడి ఏడ్చింది.