తడిసిన పీచు, తడవని జవాబులు

1983. రాజోలు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరిన కొత్త. నేను చెప్పే పాఠం విశిష్టోష్ణం. నాలో విశిష్టత లేదు గానీ ఉష్ణం మాత్రం దండిగా ఉండేది.

ఒక గ్రాము పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడి కావాలో అదే విశిష్టోష్ణం. రాగి గుండ్లను ఆవిరిలో కాచి, క్యాలరీమీటర్‌లోని చన్నీళ్లలో వేసి, థర్మామీటర్ ఎంత పెరిగిందో చూసి లెక్క కట్టాలి. క్యాలరీమీటరంటే చెక్కపెట్టెలో కూర్చోబెట్టిన రాగి గ్లాసు, అంతే. వేడి బయటికి పోకుండా చుట్టూ ఉన్ని కూరమంటుంది పుస్తకం. కోనసీమలో ఉన్ని ఎక్కడిది? మేం కొబ్బరి పీచు కూరేవాళ్లం.

రాగికి రావలసిన జవాబు 0.09 అని కూడా పుస్తకంలోనే ఉంటుంది. పిల్లలు ముందు అది రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి నడిచి థర్మామీటర్ దగ్గరికి చేరేవాళ్లు. ఏటా అదే ఆచారం.

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షకి కాకినాడ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. పెద్దాయన, మెత్తని మాట. ఆ పూట బ్యాచ్ అంతటికీ ఇదే ప్రయోగం ఇచ్చారు. చివర్న పేపర్లు తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగారు.

"ఏమ్మా, అందరికీ 0.09 వచ్చింది. నీకు 0.07 ఏంటి?"

రూతు లేచి నిలబడింది. ఫస్టు క్లాసు వస్తే కాకినాడలో డిగ్రీ చదివిస్తానని వాళ్ల మావయ్య మాటిచ్చాడు. ఈ మార్కులు పోతే ఆ మాటా పోతుంది.

"పాదరసం అక్కడే ఆగిపోయిందండి. అదే రాసేనండి."

"సరిగా కలపలేదేమో?"

"కలిపేనండి. చెయ్యి నొప్పెట్టింది కూడానండి."

ఆమె పెట్టెలో వేలు పెట్టి చూశాను. చెమ్మ తగిలింది. అటెండర్ సత్తిరాజుని పక్కకి లాగాను.

"పీచు ఏం చేశావయ్యా?"

"ఆయ్, పెద్దోరు వస్తన్నారు, అన్నీ శుభ్రంగా ఉండాలని తమరే అన్నారు కదండీ. పెట్టెలు పీచుతో సహా కడిగేసేనండి."

"అన్నీనా?"

"ఒక్కటి వదిలేస్తే ఏం బాగుంటదండీ?"

మర్యాదలో మా వాళ్లని మించినవాళ్లు లేరు. అతిథి వస్తే పీచుకి కూడా తలంటే. తడి పీచు వేడిని లాగేస్తుంది, జవాబు తగ్గుతుంది. అంటే ఆ గదిలో నిజం జవాబు రూతుది ఒక్కటే. ఆ మాట బయటపెడితే ఆమె గట్టెక్కుతుంది, మిగతా పిల్లలందరూ మునుగుతారు, వాళ్లతోపాటు నేనూ.

"పీచు తడిగా ఉందండి," అన్నాను ఎలాగో.

ఆయన ఒక పెట్టెలో పీచు నొక్కి చూశారు. పక్కది, ఆ పక్కది కూడా. "మరి ఇంత తడిలో వీళ్లందరికీ 0.09 ఎలా వచ్చేసిందండీ, మేస్టారూ?"

అడిగి ఆయనే నవ్వేశారు. "పీచు ఎండలో వేయించండి. మధ్యాహ్నం అందరూ మళ్లీ చేస్తారు. నువ్వు ఇంటికెళ్లమ్మా. నీ మార్కులకేం ఢోకా లేదు."

రూతు కదల్లేదు. "నేనూ మళ్లీ చెయ్యొచ్చాండి? పొడి పీచుతో ఎక్కడ ఆగుతుందో చూస్తానండి."

కాలేజీ వరండా ముందు ఆరబోసిన ఆ పీచు వాసన నాకింకా గుర్తే. మధ్యాహ్నం ఏ ఇద్దరికీ ఒకే జవాబు రాలేదు. రూతుకి 0.085 వచ్చింది. దాన్ని చూసి ఆమె ముఖం వెలిగిన తీరు ముందు ఫస్టు క్లాసు ఏపాటిది? అదీ వచ్చిందనుకోండి.

ఆ తర్వాత ఎన్నో బ్యాచ్‌లకి పాఠం చెప్పాను. అన్ని పేపర్లలోనూ ఒకే జవాబు కనబడితే సంతోషపడటం మాత్రం మానేశాను. ముందు వెళ్లి పెట్టెలు ముట్టుకుని చూసేవాణ్ణి.