బావికి తెలియని జవాబు

ఈ నెల మొదటి మంగళవారం తెల్లవారకముందే, గార్లదిన్నె దగ్గర మా ఊళ్లో, పక్కింటి అవ్వ నిద్రలోనే కన్నుమూసింది. ఆమె కొడుకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మ పోయినాదన్నా" అని, "బావి పని సగంలో ఉండాది" అన్నాడు.

ఆ ఇంటివాళ్లది బావుల్లో పూడిక తీసే పని. బోర్లు ఎండిపోయిన ఈ కరువు ఏళ్లలో రైతులు మళ్లీ పాత బావులనే తవ్విస్తున్నారు. మగవాళ్లు దిగితే అవ్వ ఒడ్డున కూర్చునేది. ముందు వెలిగించిన లాంతరు దించేది. ఆరిపోతే ఆ పూట పని లేదు. ఆరకపోయినా వేపమండలు తాడుకు కట్టి, లోపలి గాలి కదిలేలా పైకీ కిందికీ ఆడించేది. దిగేవాడి రొమ్ముకు తాడు కట్టి, దాని కొస ఇద్దరు పట్టుకుంటేనే దిగనిచ్చేది.

ఆ తర్వాత పిలుపు.

"ఏం తింటివిరా?"

"సంగటి, ఊరుబిండి!"

"గట్టిగా చెప్పు. పెండ్లాం చెవిలో గొణిగినట్ల గొణిగితే నాకేం ఇనపడుతుంది?"

లోపలి నుంచి నవ్వు వచ్చేది. పైకి వచ్చేసరికి అది ఎవరి నవ్వో పోల్చుకోలేకపోయేవాళ్లం.

అవ్వ భర్త బావిలోనే పోయాడు. నీళ్లు అడుగంటాయని డీజిల్ ఇంజన్‌ను బావి లోపలి అరుగు మీద పెట్టి నడిపారు. పొగ లోపలే నిలిచింది. ఇంజన్ ఆగాక ఆయన దిగాడు. పైనుంచి ఆయన తమ్ముడు "ఓ" అన్నాడు. "ఓ" అని వచ్చింది. తమ్ముడు బీడీ ముట్టించుకున్నాడు. మళ్లీ పిలిచాడు, మళ్లీ వచ్చింది. సద్ది తెచ్చిన అవ్వ వంగి చూస్తే భర్త నీళ్లలో బోర్లా ఉన్నాడు. కాపాడాలని దిగిన తమ్ముడూ పైకి రాలేదు.

"అంతసేపూ బావే పలికింది నాయనా" అని అవ్వ నాతో అంది. "అది మనం అన్నదే అంటాది. అడిగినదానికి జవాబు చెప్పలేదు."

అందుకే దిగేవాడు ఏం తిన్నాడో ఒడ్డున ఎవరూ అనకూడదు. అంటే అవ్వ కసిరేది: "బావి ఇంటాది!"

ఒకసారి నేను చూస్తుండగా ఆమె కొడుకు జవాబివ్వలేదు. లాంతరు బాగానే వెలిగింది, అయినా ఆమె ప్రశ్నే ఆమెకు తిరిగి వచ్చింది. అల్లుడు దిగబోయాడు. అవ్వ అతని పంచె పట్టుకుంది.

"యాడికిరా? ఒగ పాడె చాలదా? తాడు లాగండి!"

లాగారు. స్పృహ లేని కొడుకు నీడలో చాలాసేపటికి కళ్లు తెరిచాడు. "ఏం తింటివి?" అని అడిగింది. "సంగటి" అన్నాడు. అప్పుడు ఏడ్చింది.

నిన్న కార్యం ముగిశాక అవ్వ కోడలితో కలిసి, పని సగంలో ఆగిన ఆ బావి దగ్గరికి వెళ్లాను. పిలిచే పని ఇక ఆమెది. లోపలికి వంగి, "ఏం తింటివి?" అంది. లోపల ఎవరూ లేరు.

"ఏం తింటివి?" అని బావి అడిగింది.

ఆమె వెనక్కి జరిగింది. "రేపు పొద్దున ఏం వండుతావమ్మా?" అన్నాను. వద్దని కళ్లతోనే చెప్పింది. చేను దాటి దారి ఎక్కాక గానీ నోరు విప్పలేదు.

రేపు పొద్దెక్కగానే ఆమె భర్త ఆ బావిలోకి దిగుతాడు.