జవాబుకు వదిలిన జాగా

భోపాల్‌పట్నం అనే సరిహద్దు ఊళ్ళో, బస్టాండు పక్కన నాకొక మొబైల్ దుకాణం ఉంది. రీచార్జి చేస్తాను, పగిలిన అద్దాలు మారుస్తాను, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కిస్తాను. లోపలి ఊళ్ళలో సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందుకని మా వైపు పాట ఇంకా కార్డులోనే ప్రయాణం చేస్తుంది. సంత రోజున నా బల్ల ముందు ఒకరు హిందీలో, ఒకరు హల్బీలో, ఒకరు దోర్లీలో, ఒకరు తెలుగులో అడుగుతారు. అడిగేది మాత్రం ఒకటే, చిందేసి ఎగరడానికి పనికొచ్చే పాటలు. పదిహేనేళ్ళుగా ఇదే పని. జనానికి ఏ పాట నచ్చుతుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నాకొక పొగరుండేది. ఆ పొగరు ఏం చేసిందో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నా స్నేహితుడొకడు పాటలు తనే కట్టి తనే పాడేవాడు. వావి వరస ఏమీ లేకపోయినా చిన్నప్పటి నుంచి ఒకరినొకరం బావా అనే పిలుచుకున్నాం. రెండెకరాల వరి, మిర్చి కాలంలో గోదావరి దాటి వెళ్ళి కాయలు ఏరే కూలి, మిగిలిన రోజుల్లో పెళ్ళిళ్ళు. పెళ్ళివారింట్లో కాసేపు కూర్చుని ఎవరు అలిగారో, ఎవరు ఎక్కువ తాగారో కనుక్కుని, వాళ్ళ మీద అక్కడికక్కడే పాట అల్లేవాడు. తిట్టించుకున్నవాడే ముందుగా లేచి ఎగిరేవాడు. బాగా పేలిన పాటను మళ్ళీ నా దుకాణంలో, షట్టరు సగం దించి, రికార్డు చేసేవాళ్ళం. నేను కంప్యూటర్లో డీజే బీటు కలిపేవాణ్ణి. పాట మధ్యలో నా దుకాణం చిరునామా నా గొంతుతోనే, ప్రతిధ్వని పెట్టి, కేకేసేవాణ్ణి. డీజే పాటలు తయారుచేసే వాళ్ళందరూ చేసే పనే అది. పాట ఎక్కడ తయారైందో ఊరందరికీ ఆ కేకే చెబుతుంది. "బస్టాండ్! భోపాల్‌పట్నం!" అని నేను అరిస్తే, ఇంద్రావతి వంతెన అవతల కూడా గుర్తుపట్టేవాళ్ళు. నాకు ఛాతీ ఉబ్బిపోయేది.

అతని పాటల్లో సగం నిజానికి అతని భార్యవి. నాట్లప్పుడు వాళ్ళ మడి గట్టు మీద నిలబడి ఎన్నోసార్లు విన్నాను. అతను ముందు పాదం ఎత్తుకుంటే ఆమె వంత అందుకునేది. ఊరికే అన్నమాటే అనేది కాదు, ప్రతిసారీ మాట మార్చేది. "పొద్దు ఏడికొచ్చెనే?" అని అతను పాడితే "నీ నడుం వంగే కాడికొచ్చె" అని ఆమె పాడేది. ఇంకోసారి అదే పాదం పాడితే "మీ అమ్మ గంజి కాచే కాడికొచ్చె" అనేది. వరుసలో ఉన్న ఆడవాళ్ళు నారు కట్టలు వదిలేసి నవ్వేవాళ్ళు. అతను మాత్రం తర్వాతి జవాబు ఏం వస్తుందా అని, నవ్వకుండా, చెవి అటే వేసి నాటేవాడు.

ఒకసారి ఆమెను కూడా రికార్డు చేద్దామన్నాను. మైకు చూడగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకొద్దన్నా. ఆ డబ్బాల పెడితే నేను సచ్చినంక గూడ అరుస్తనే ఉంట."

అందరం నవ్వాం. రెండేళ్ళ కింద వానాకాలంలో ఆమెకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆకు పసరు పోయించారు, తగ్గిందనుకున్నారు, మళ్ళీ తిరగబెట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆమె గొంతు ఏ ఫోన్లోనూ, ఏ కార్డులోనూ లేదు.

ఏడాది పాటు అతను పెళ్ళిళ్ళకు పోలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, షట్టరు దించమన్నాడు. పాత రోజులు వచ్చేశాయని సంబరపడి బీటు సిద్ధం చేయబోయాను. "అదేం వద్దు బావా" అన్నాడు. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని పాడాడు. అదే నాట్ల పాట. కాని మెల్లగా, నీళ్ళలో కాలు తీసి కాలు వేసే వేగంతో. "పొద్దు ఏడికొచ్చెనే?" అని పాడి ఆగిపోయాడు. ఒక పాదం పట్టేంత సేపు ఆగి "నారు ఎంత మిగిలెనే?" అన్నాడు. మళ్ళీ ఆగాడు. "ఇంటికి ఎప్పుడు పోదమే?" అన్నాడు. మళ్ళీ అంతే సేపు. పాటంతా అడగడమే, జవాబు ఒక్కటీ లేదు.

"మాటలు మర్చిపోయినవా ఏంది? ఖాళీలు కోసేయమంటవా?" అన్నాను.

"వద్దు. ఉన్నది ఉన్నట్టే ఉంచు."

నాకప్పుడు అర్థం కాలేదని చెబితే అబద్ధం. సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోవడానికి కూర్చుంటే దుకాణం ఎవరు చూస్తారనుకున్నాను.

పాట కార్డుల్లోకి ఎక్కింది. అతను కొత్తగా పాడాడంటే చాలు, పేరు చూసే ఎక్కించుకునేవాళ్ళు. వారం తిరగకుండా అభిప్రాయాలు నా బల్ల మీదికి రావడం మొదలైంది. "గిదేం పాట? పెట్రోలు అయిపోయిన బండి తీర్గ ఆగి ఆగి పోతంది" అన్నారు కుర్రకారు. "పాట బిగడ్ గయా" అని, అంటే చెడిపోయిందని, ఒకడు వెనక్కి ఇచ్చి డబ్బులు అడిగాడు. పెళ్ళి పెట్టుకున్న ఒక పెద్దాయన, ఆ గొంతుతో పెళ్ళింట్లో పాడితే అరిష్టమని, మాట్లాడుకున్న బేరం వదులుకున్నాడు. బడిలో పనిచేసే ఒక సార్ మాత్రం బల్ల మీద మోచేతులు ఆనించి మొదటి నుంచి చివరిదాకా విని, ఇన్నాళ్ళకు ఇతను అసలు పాట పాడాడన్నాడు. అన్నవాడు, పిల్లల కోసమంటూ పాత పెళ్ళిపాటలే కార్డులో వేయించుకుని పోయాడు. మెచ్చుకున్నవాళ్ళలో చాలామంది అంతే. బీడీల తునికాకు ఆరబెట్టే కల్లం నుంచి వచ్చిన ఒక ముసలామె ఒక్కతే వేరుగా ఉంది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టించుకుని, అతను ఆగినప్పుడల్లా పెదాలు కదిపింది. ఏమంటున్నావమ్మా అని అడిగితే, "మా ముసలోడు ఇట్లనే అడుగుతుండె. జవాబు చెప్తన్న" అంది. మనవడి ఫోన్లో ఎక్కించుకుని వెళ్ళింది.

ఈ గోలంతా నేను అతనికి మోసుకెళ్ళేవాణ్ణి. మంచి మాటలు తక్కువగా, చెడ్డ మాటలు వివరంగా. స్నేహితుడి మేలు కోరే చెబుతున్నాననుకునేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే నాకూ అతని మీద కోపంగానే ఉండిందనిపిస్తుంది. నన్ను అడగకుండా, నా బీటు లేకుండా, నా కేక లేకుండా అతను ఒక పాట పాడేశాడు. అది నాకు మింగుడుపడలేదు.

"నాలుగు రోజులు పోనీ, వాళ్ళే వింటరు" అనేవాడు అతను. "వినకపోయినా మంచిదే."

ఎండలు ముదిరి పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. బండి మీద డీజే కట్టే ఒకాయన వచ్చి, ఆ నెమ్మది పాటకే బీటు తగిలించి ఇవ్వమన్నాడు. నా స్నేహితుణ్ణి ఒక మాట అడగాలన్న ఆలోచన వచ్చింది. అడిగితే వద్దంటాడని తెలుసు కాబట్టి అడగలేదు. పాట వేగం పెంచాను. బీటు వేశాను. ఆ ఖాళీలు నా కంటికి మడిలో నాటకుండా వదిలేసిన జాగాల్లా కనిపించాయి. ఒక్కో ఖాళీలో ఒక్కో కేక పెట్టాను. "పొద్దు ఏడికొచ్చెనే?" అని అతను అడిగితే "బస్టాండ్! భోపాల్‌పట్నం!" అని నేను. "ఇంటికి ఎప్పుడు పోదమే?" అన్నా అదే జవాబు. సరిగ్గా అతికింది. నా తెలివికి నేనే మురిసిపోయి, పాతది చెరిగిపోయేలా ఆ ఫైలు మీదే సేవ్ చేశాను. రెండు ఎందుకు, ఎవడు వింటాడు అనుకున్నాను.

పాట అంటుకుంది. పిల్లలు బజార్లో "పొద్దు ఏడికొచ్చెనే?" అని ఒకడంటే "బస్టాండ్!" అని పదిమంది అరిచేవాళ్ళు. జీపుల్లో, కిరాణా కొట్ల ముందు, వాట్సాప్ స్టేటస్‌లలో అదే. నెమ్మది పాటను తిట్టినవాళ్ళే, మనవాడు మళ్ళీ దారిలో పడ్డాడన్నారు. నేను ఇంకో పుణ్యం కూడా కట్టుకున్నాను. ఎవరైనా కార్డు తెస్తే, అందులో పాత నెమ్మది పాట ఉంటే, అడగకపోయినా తీసేసి కొత్తది ఎక్కించాను. దానికి డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆ పాట అతని చెవిన పడింది ఒక పెళ్ళి ఊరేగింపులో. దగ్గరి చుట్టాల పెళ్ళి కాబట్టి చాలా రోజులకు వచ్చాడు. పట్టపగలు, ఎండ మండిపోతోంది. డీజే బండి వెనక నేనూ నడుస్తున్నాను. పాట మొదలవగానే అందరూ అతని వైపు తిరిగి ఈలలు వేశారు. ముగ్గురు నలుగురు భుజాలు పట్టి ముందుకు లాగారు. అతను తన గొంతు విని నవ్వబోయాడు. మొదటి పాదం అయింది. ఖాళీ రాగానే అతని తల అలవాటుగా ఒక పక్కకు వాలింది, మడిలో వాలినట్టే. నా కేక వచ్చింది. ఊరేగింపంతా "బస్టాండ్!" అని చేతులెత్తి ఎగిరింది.

పట్టుకున్న చేతులు విడిపించుకుని అతను నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. నా చెవి దగ్గర నోరు పెట్టి, ఆ చప్పుడులో వినిపించడానికి కొంచెం గట్టిగా అన్నాడు.

"ఆడ ఆమె పాడతది బావా."

అంతే. ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా పాడలేదు. ఎదురుపడితే మంచిగానే మాట్లాడేవాడు, ఎరువు గురించి, వాన గురించి. అదే నాకు భరించరానిదిగా ఉండేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ముసలామె మళ్ళీ వచ్చింది. మనవడి ఫోను నా చేతిలో పెట్టి, ఇందులో పాట మారిపోయిందయ్యా, వెనకటిది వెయ్యమంది. మార్చింది నేనే. మనవడు రీచార్జికి వచ్చినప్పుడు ఉత్త పుణ్యానికి మార్చాను. కంప్యూటర్ అంతా వెతికాను. మెచ్చుకున్న సార్‌కి ఫోన్ చేస్తే, ఆయన కార్డులో అసలు ఎక్కించుకోనే లేదు. తెలిసిన డీజే వాళ్ళందరినీ అడిగాను. అందరి దగ్గరా నేనే ఉన్నాను, అరుస్తూ.

"మా ముసలోనికి జవాబు చెప్పనిస్తలేడు ఆ కేకలేసేటోడు. ఎవడు బిడ్డా వాడు?" అంది ముసలామె.

"నేనే అమ్మా" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, ఫోను కొంగున ముడేసుకుని పోయింది.

మరునాడు దుకాణం మూసి అతని ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నారు కట్టలకు తాళ్ళు పేనుతున్నాడు. ముసలామె సంగతి చెప్పాను. పాత పాట ఎక్కడా మిగల్లేదని, పోగొట్టింది నేనేనని చెప్పాను. తప్పయిందని చెప్పాను. ఏడ్చాను కూడా. ఒక్కసారి మళ్ళీ పాడమని, ఫోన్లో రికార్డు చేసి ఉన్నది ఉన్నట్టే ఉంచుతానని బతిమాలాను. అతను పేనుతున్న తాడు ముడేసి పక్కన పెట్టాడు.

"ముసలామె కోసమైతే పాడత" అన్నాడు.

ఫోను మా ఇద్దరి మధ్య నేల మీద పెట్టాను. అతను చేతులు మోకాళ్ళ మీదికి తెచ్చుకున్నాడు. గొంతు అలాగే ఉంది, ఇంకాస్త లోతుగా ఉందేమో కూడా. "పొద్దు ఏడికొచ్చెనే?" అని పాడి ఆగాడు. తల పక్కకు వాల్చాడు. వాకిట్లోనే కోడి ఒకటి మట్టి గీరుతోంది. పాదం పట్టేంత సేపు గడిచింది, అంతకు రెండింతలు గడిచింది. రెండో పాదం రాలేదు. అతను తల నిలబెట్టి నా వైపు చూశాడు. కోపం లేదు.

"లాభం లేదు బావా. ఇంతకుముందు ఆడ ఆమె వినబడేది. ఇప్పుడు నువ్వు వినబడుతున్నవ్."

తాడు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ రికార్డింగు నా ఫోన్లో ఇంకా ఉంది. ఒక పాదం, తర్వాత కోడి గీరిన చప్పుడు, తర్వాత అతని మాట. అది ఇంతవరకు ఎవరి కార్డులోకీ ఎక్కించలేదు.