తనిఖీకి ముందు గోడకు వేసిన రంగు

నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు వంకరపోయినా చెప్పాల్సింది చెప్పేస్తాను. మా ఇంటి గోడ విషయంలో తప్పు నాది కాబట్టి, ఇంకొకరు రాసేకంటే నేను రాయడమే నయం.

ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఒక చిన్న ఊళ్లో, నాలుగంతస్తుల పాత బిల్డింగులో నేనూ మా అమ్మాయీ ఉంటాం. ఆమెకు వృద్ధాశ్రమంలో ఉద్యోగం. మా ఆయన ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తే రోజుల్లో ఈ ఇల్లు దొరికింది. ఆయన పోయాక కూడా మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. ఈ బిల్డింగు ఒక సంఘానిది. ఊళ్లో కొందరు కలిసి పెట్టుకున్నారు, లాభం చూసుకోరు, తక్కువ జీతాలవాళ్లకే ఇస్తారు. బయటివాళ్లు కట్టే మీటె, అంటే అద్దె, ఎంతో మా అమ్మాయి చెప్పినప్పుడల్లా నాకు అన్నం సహించదు.

సంఘం పనులు చూసేది ఒక రిటైరైన టీచరమ్మ. జీతం లేదు. నాకంటే పెద్దది, మోకాళ్లు నొప్పి, అయినా మెట్లెక్కి వచ్చి అందరికీ స్వయంగా చెప్పింది. గోడలు లోపలి నుంచి నానిపోయాయి, బాగుచేయించే స్తోమత సంఘానికి లేదు, గవర్నమెంటు నిధులు అడిగాం, ఈసారి రాకపోతే బిల్డింగును ఏదో కంపెనీకి అమ్మక తప్పదు అంది. అమ్మితే మా జీతాలకు ఇక్కడ ఉండలేం. ఆ నిధుల కోసం ఆమె నింపిన కాగితాలను రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చేది. చివరికి ఒక గురువారం పొద్దున ఆఫీసరు వచ్చి గోడలు చూస్తాడని ఉత్తరం వచ్చింది. గోడ అన్నిటికంటే పాడైంది మా ఇంట్లోనే కాబట్టి, బిల్డింగు మొత్తానికి చూసేది మా ఇంటినే.

మా పడకగదిలో బీరువా వెనక గోడంతా నల్లబడింది. ఇక్కడివాళ్లు షిమ్మెల్ అంటారు, మనం బూజు అంటాం. బిల్డింగు చూసుకునే మనిషి ఎప్పుడొచ్చినా నన్నే అనేవాడు. కిటికీలు తెరవరు, పొద్దస్తమానం అన్నం ఉడికిస్తారు, తడిబట్టలు ఇంట్లోనే ఆరేస్తారు, అందుకే ఇలా అవుతోందని. మంచు పడే రోజుల్లో కూడా నేను కిటికీ తెరిచే వండుతాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా అతను తల ఊపేవాడు, అంతే. ఇప్పుడు ఆఫీసరు కూడా తప్పు మాదేనని రాసుకుపోతే? అదొక భయం. కొత్త మనిషి గడప తొక్కుతుంటే గోడ అలా వదిలేయడానికి చేతులు రాకపోవడం ఇంకొకటి.

బుధవారం మా అమ్మాయి నైట్ డ్యూటీకి పోయింది. వెనిగర్‌తో గోడ కడిగి, చాకుతో గీకి, కింద సెల్లార్లో ఎవరో వదిలేసిన డబ్బాలోని తెల్లరంగు రెండుసార్లు వేశాను. పైసా ఖర్చు కాలేదు. భుజాలు పడిపోయాయి కానీ గోడ కొత్తదానిలా ఉంది.

పొద్దున అమ్మాయి డ్యూటీ దిగి ఆఫీసరుతో, టీచరమ్మతో కలిసే మెట్లెక్కి వచ్చింది. ఆయన బీరువా జరిపించి, గోడను వేలితో తాకి, ఏదో రాసుకున్నాడు. వాళ్లు వెళ్లాక మా అమ్మాయి బ్యాగు భుజం మీంచి దించకుండానే అడిగింది.

“గోడకు రంగేసినవా అమ్మా?”

“ఏసిన. పరాయి మనిషొస్తుంటే గట్లనే ఉంచాల్నా?”

“ఆయనొచ్చిందే అది చూడనీకి.”

నాకప్పుడు అర్థమైంది. మంచం మీద కూర్చుండిపోయాను.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఇల్లు బాగానే ఉంది, రిపేరు అంత తొందరేమీ లేదు, ఇప్పుడు నిధులు ఇవ్వలేం అని. టీచరమ్మ వచ్చి మా కుర్చీలో కూర్చుంది. నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. మళ్లీ తనిఖీ చేయమని ఆఫీసుకు రాస్తాను, మళ్లీ అవే కాగితాలు మొదటి నుంచి నింపాలి, అంతవరకు గోడను ముట్టుకోకు అంది. మా అమ్మాయి తెలుగులో చెప్పేలోపే ఆమె ముఖం చూసి నాకు తెలిసిపోయింది.

ఆ చలికాలమంతా గోడను ముట్టుకోలేదు. రంగులోంచి నలుపు ముందు చుక్కలుగా వచ్చింది, తర్వాత అరచేతులంత అయింది. మా అమ్మాయి దగ్గుతుంటే పక్కగదిలో పడుకోమన్నాను. ఇల్లు మురికిగా ఉంచుకోవడం ఇంత అలసట అని నాకు తెలియదు. కడగడమే నయం.

చలి తగ్గే ముందు అదే ఆఫీసరు టీచరమ్మతో కలిసి వచ్చాడు. ఈసారి తడి కొలిచే చిన్న మిషన్ గోడకు ఆనించి చూశాడు. నలుపు అడుగున తెల్లరంగు కనిపించి, ఇది ఎవరు వేశారని అడిగాడు. మా అమ్మాయి ఎప్పటిదో అని సర్దబోయింది. నేను అడ్డుపడి, వచ్చిన రెండు జర్మన్ ముక్కల్లో నేనేనని చెప్పాను. తప్పు మా మీద రాస్తారని భయపడి వేశానని మా అమ్మాయి చేత చెప్పించాను. ఆయన అదీ రాసుకున్నాడు.

వెళ్లబోతుంటే ఆగమని, వంటింట్లోకి తీసుకుపోయాను. బియ్యం డ్రమ్ము పక్కకు లాగాను. ఆ మూల కిందినుంచి నా నడుం దాకా నల్లగా ఉంది.

“గిది నాకెప్పుడు చెప్పలేదేందే?” అంది మా అమ్మాయి.

“నీకు చెప్తే నువ్వు వీళ్లకు చెప్తవని.”

మాట అర్థం కాకపోయినా టీచరమ్మ నవ్వింది. ఆఫీసరు మోకాళ్ల మీద కూర్చుని అక్కడ కూడా మిషన్ పెట్టాడు.

ఎండాకాలంలో జవాబు వచ్చింది. నిధులు ఇస్తారట. అయితే పని మొదలయ్యేది ఇంకో చలికాలం దాటాకే, గోడలు పగలగొట్టినన్నాళ్లు మేం వేరేచోట ఉండాలి, దానికి మళ్లీ ఫారాలు ఉన్నాయి. బిల్డింగు మాత్రం అమ్మరు. మా అమ్మాయి ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించి, బూట్లు విప్పకుండానే సోఫాలో నిద్రపోయింది. ఆ బూట్లు నేను విప్పి, కిటికీ తెరిచి, బియ్యం కడగడానికి పోయాను.