సూరాయమ్మగారి రంగుల గంగాళం

రాజోలులో సూరాయమ్మగారి చేతులు చూస్తే, ఆవేళ ఆవిడ పెరట్లో ఏ రంగు ఉడుకుతోందో తెలిసిపోయేది. వెలిసిన గుడ్డ కంటబడితే, గంగాళంలో ముంచేదాకా ఆవిడకి అన్నం సయించదు. 1955 ఎలక్షన్ల ఏడు భర్త భద్రయ్యగారి కండువాకి పసుపురంగు వేశారు. ఆయన కిళ్లీ కట్టుకుని, సున్నం వేళ్లు దానికే తుడిచారు. పసుపు మీద సున్నం పడితే ఊరుకుంటుందా? ఎర్రటి మచ్చలు తేలాయి.

"రేపు కాంగ్రెసు సభకి ఎలా వెళ్లనే?" అని ఆయన లబలబలాడారు.

"మచ్చ ఒక్కచోట ఉంటేనే మచ్చండీ. అంతటా ఉంటే రంగండి!" అంటూ ఆవిడ కండువా మొత్తాన్ని సున్నపుతేటలో ముంచేశారు. మిగతా కండువాలన్నీ గంగాళంలోనే నానుతున్నాయి కాబట్టి, మర్నాడు ఆయన ఆ ఎర్రదే వేసుకెళ్లారు. సభ గుమ్మంలో కుర్రాళ్లు వినయంగా చేతులు జోడించి, "కమ్యూనిస్టుల సభ అవతలి వీధిలోనండి, ఆయ్!" అన్నారు.

రుసరుసలాడుతూ తిరిగొచ్చిన భర్త కండువాని సూరాయమ్మగారు వెలుతురుకి పట్టి చూశారు.

"అంత ఎండలోనూ రంగు దిగలేదు, చూసేరా!"