ఎండబెట్టిన ఉత్తరాలు

మొన్న నల్లగొండలో మా ఆఫీసు బండలు ఏదో మందుతో కడిగారు. ముక్కులు పగిలే ఘాటు. అందరూ కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుని బయటికి ఉరికారు. నేను మాత్రం గీస్తున్న ప్లాను ముందు నుంచి లేవలేకపోయాను. అది అమ్మోనియా వాసన. మహబూబ్‌నగర్‌లో నాకు పని నేర్పిన నర్సిములు సారు గది వాసన.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆయన దగ్గర చేరాను. ఊరంతా కంప్యూటర్లకు మారినా, సారు ప్లాన్లు చేత్తోనే గీసి, అమ్మోనియా ఆవిరి పట్టించి నకళ్లు తీసేవారు. మొదటి రోజే నా చేతికో నకలిచ్చి, "నీడపట్టున పెట్టు బిడ్డా. ఎండ తాకితే గీత ఉండది" అన్నారు. తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

బతుకంతా ఇళ్లూ బడులూ దవాఖానలూ గీసినా, ఏ కాగితం మీదా ఆయన పేరు లేదు. సంతకం ఇంజనీరుది. అందుకేనేమో ఆయనకో పిచ్చి పట్టింది. దేశంలో పేరున్న ఆర్కిటెక్టులకు ఉత్తరాలు రాసేవారు, ఆ కిటికీ అటెందుకు పెట్టారు, ఆ మెట్లు అంత వెడల్పెందుకు అని. కొందరు సొంత చేత్తో, సిరాతో జవాబు రాశారు. పక్కన చిన్న బొమ్మ గీసినవారూ ఉన్నారు. అవన్నీ ఒక ఇనుప పెట్టెలో దాచుకున్నారు. తీరిక దొరికితే ఒకటి తీసి, "చూడు బిడ్డా, పైన నా పేరు రాసిండు, కింద ఆయన పేరు పెట్టిండు. రెండు పేర్లూ ఒక్క కాయితం మీద!" అని మురిసిపోయేవారు.

హైదరాబాదులో ఒక కాలేజీ వాళ్లు ఆ ఉత్తరాలను అందరూ చూసేలా అద్దాల బీరువాల్లో పెడతామన్నారు. అంతలోనే సారు గుండెనొప్పితో దవాఖానలో పడ్డారు. "వాళ్లచ్చేలోపు పెట్టె జర జూస్కో" అని నాకు అప్పజెప్పారు. తెరిస్తే చెమ్మ కంపు, కాగితాల నిండా పురుగులు. మాది కోస్గి దగ్గర కందులు పండించే ఇల్లు. పురుగు పట్టిన దేనికైనా మా అమ్మ ఎరిగిన మందు ఒక్కటే, ఎండ. మండే వేసవి. ఉత్తరాలన్నీ మిద్దె మీద పరిచి, రాళ్లు బరువు పెట్టి, కందుల్ని తిప్పినట్టు పది రోజులు తిప్పాను. నకళ్లకు ఎండ పడదని తెలిసినదాన్ని, సిరా సంగతి ఆలోచించలేదు. రోజుకింత వెలిసిపోతుంటే కంటికి ఆనలేదు. పదో రోజు తీస్తుంటే ఒక్క పురుగూ లేదు. ఒక్క సంతకమూ లేదు.

సారు ఇంటికొచ్చి ఒక్కో కాగితం కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. అవి అప్పడాల్లా పెళపెళలాడాయి.

"ఎండల గిట్ల పెట్టినవా?"

"లేదు సార్. చెమ్మకే పోయినయ్."

అబద్ధం అంత తొందరగా నోటికెట్లా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆయన చాలాసేపు కాగితం నిమిరి, "అవును బిడ్డా, చెమ్మే" అన్నారు. జీవితమంతా కాగితంతో బతికిన మనిషికి, చెమ్మకు పోయినదేదో ఎండకు పోయినదేదో తెలియదా?

కాలేజీ వాళ్లు వచ్చారు, చూశారు, చాయ్ తాగి వెళ్లిపోయారు. సారు ఆ వానాకాలం దాటలేదు. చివరిదాకా నాకు గీత దిద్దుతూనే ఉన్నారు గాని ఉత్తరాల మాట ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని.

ఆ కాగితాల్లో ఒకటి నా సొరుగులో ఉంది, నీడపట్టునే. దాని మీద రెండు పేర్లుండేవి. ఎండలోనే పెట్టాను సార్, అని ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను. చదవాల్సిన మనిషి లేరు.